ఓడను నిలిపిన చేతులు

దుర్గాపూర్‌లో కూర్చుని ఓడల ముచ్చట ఏమిటని పాఠకులలో కొందరికి నవ్వు రావచ్చును. మన వూరినుంచి ఏ దిక్కుకు బయలుదేరినా సముద్రం వందల మైళ్ల దూరం. మన పిల్లలలో చాలామంది ఓడను బొమ్మలో తప్ప చూసి వుండరు. అయినా ఈ నెల ఓడల సంగతే ఎత్తుకున్నాము. అందుకు కారణాలు రెండు. ఒకటి నీరు, రెండవది బొగ్గు.

ముందు నీటి సంగతి చెప్పుకుందాము. మన పక్కన పారే ఇరయి నది వార్ధాలో కలుస్తుంది. వార్ధా, వైనగంగ కలిసి ప్రాణహిత అవుతుంది. ప్రాణహిత సిరొంచ దగ్గర గోదావరిలో పడుతుంది. ఆ గోదావరి భద్రాచలం, రాజమహేంద్రవరం దాటి, ధవళేశ్వరం దిగువన పాయలుగా చీలి సముద్రం చేరుతుంది. అందులో గౌతమీ పాయ కొసన, యానానికి దగ్గరలో, కోరంగి అనే వూరు వున్నది. మన పెరట్లో కురిసిన వానచుక్క ఒకటి కోరంగి దాకా పోతుందంటే అది కవిత్వం కాదు, భూగోళశాస్త్రమే.

ఈ నీటిదారిని వ్యాపారానికి వాడుకోవాలని వెనుక పెద్ద ప్రయత్నమే జరిగింది. 1847 నుంచి 1852 వరకు ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్, గోదావరి మీదుగా పడవలు మన చాందా ప్రాంతం దాకా రావాలని పట్టుబట్టాడు. నదిలో 3 చోట్ల బండరాళ్లు అడ్డం వచ్చాయి. మొదటిది దుమ్ముగూడెం దగ్గర, రెండవది ఇంచంపల్లి దగ్గర, మూడవది ప్రాణహిత మీద దేవల్‌మరి దగ్గర. వాటిని దాటించడానికి కాలువలు, లాకులు మొదలుపెట్టి, ఖర్చు పెరిగిపోతున్నదని 1871లో పని ఆపివేశారు. 1860 నుంచి 1874 వరకు భద్రాచలం, సిరొంచ ఒకే జిల్లాలో వుండేవన్న సంగతి కూడా ఇప్పుడు చాలామందికి గుర్తు లేదు. ఆ జిల్లా పేరు అప్పర్ గోదావరి. పడవలు పైకి రాలేదు కాని, కలప మాత్రం కిందికి పోయింది. భద్రాచలం, రేకపల్లి అడవుల టేకును తెప్పలుగా కట్టి నదిలో వదిలితే, రాజమహేంద్రవరం చేరి అక్కడ అమ్ముడయ్యేది.

ఆ కలపతో పని ఎవరికంటే, ఓడలు కట్టేవారికి. కోరంగి ఒకప్పుడు తూర్పు తీరంలో ఓడల పనికి పెట్టింది పేరు. 1802లో ఎబెనీజర్ రోబక్ అనే ఆంగ్లేయుడు అక్కడ ఓడలు మరమ్మతు చేసే డాక్ ఒకటి కట్టించాడు. ఆల్బట్రాస్ అనే బ్రిటిష్ యుద్ధనౌకను అందులో బాగుచేశారు. కలకత్తాకు, సింహళంలోని తిరుకోణమలకు నడుమ పెద్ద ఓడకు మరమ్మతు జరిగే చోటు అదొక్కటే అని చెప్పుకునేవారు. 1789లోను, 1839లోను వచ్చిన తుపానులలో సముద్రం వూరిమీదికి వచ్చి పడింది. వూరు మళ్లీ లేచింది. అయితే తుపాను చేయలేని పని ఒండ్రుమట్టి చేసింది. నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఏటేటా మేటవేసి, పెద్ద ఓడలు లోపలికి రాకుండా పోయాయి. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి మన పత్తికి గిరాకీ పెరిగిన రోజులలో వ్యాపారం కాకినాడను పట్టుకున్నది. 20వ శతాబ్దం వచ్చేసరికి కోరంగి పేరు మిగిలింది. పని మాత్రం పక్కనున్న తాళ్లరేవు వడ్రంగుల చేతుల్లో నిలిచింది.

మా ముచ్చట అసలు ఇక్కడే మొదలవుతుంది. ఓడ కట్టడం అందరూ చెప్పుకునే పని. కొబ్బరికాయ కొట్టి నీళ్లలోకి దింపిన రోజున వూరంతా వస్తుంది. మర్నాటినుంచి దానిని నిలపడం ఎవరూ చెప్పుకోని పని. కాని కొయ్య ఓడ ఆయుష్షు అంతా ఆ రెండవ పనిలోనే వున్నది.

ఉప్పునీటిలో కొయ్యకు శత్రువులు చాలా. చెక్కను లోపలినుంచి తొలుచుకుంటూ పోయే పురుగు ఒకటి వున్నది. పైకి సూదిమొన అంత రంధ్రం కనబడుతుంది, లోపల పలక జల్లెడ అయిపోతుంది. అడుగున గుల్లలు, నాచు పట్టి ఓడ బరువెక్కి నడక మందగిస్తుంది. ఎండకు పై పలకలు విచ్చుకుంటాయి. అలల కుదుపుకు సందులు వదులవుతాయి. అందుకని సామాను ఎన్నుకోవడంలోనే సగం జాగ్రత్త పడేవారు. పలకలకు టేకు. టేకులోని నూనె ఇనుప మేకును తుప్పు పట్టకుండా కొంత కాపాడుతుంది. ఇంగ్లండువారి ఓక్ కొయ్యలో వుండే పులుపు ఇనుమును తినివేస్తుంది. మన ఓడలు ఎక్కువకాలం నిలిచాయంటే ఇదొక కారణం. లోపలి పక్కటెముకలకు సహజంగానే వంకర తిరిగిన తుమ్మకొమ్మలు ఏరి తెచ్చేవారు. రంపంతో కోసి తెచ్చిన వంపుకంటే చెట్టు తానుగా తిరిగిన వంపుకు బలం ఎక్కువ. నార తెగదు.

పలకకు పలకకు నడుమ సందులో నూనెలో నానబెట్టిన పీచునో, దూదినో ఉలితోను సుత్తితోను దట్టించేవారు. మీద గుగ్గిలం, నూనె కలిపి కాచి పూసేవారు. అడుగుభాగానికి సున్నం, నూనె లేక కొవ్వు కలిపి మందంగా పట్టువేసేవారు. డబ్బున్నవారు రాగిరేకులు కొట్టించుకునేవారు. రాగి వుంటే పురుగు చేరదు. రాగి కొనలేనివారు ఏటేటా సున్నమే పూయాలి. అంటే బీదవాని ఓడకు చాకిరీ ఎక్కువ. ఇళ్ల సంగతి తెలిసిన మన ఆడవారికి ఇది వింతగా తోచదు. పెంకుటింటికి ప్రతి వానకారు ముందూ పెంకు సర్దుకోవలసిందే.

ఈ పనికి ఒక కాలం వుండేది. ఆశ్వయుజం నుంచి మార్గశిరం దాకా, అనగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, బంగాళాఖాతంలో తుపానుల రోజులు. ఆ రోజులలో తెరచాప ఓడను సముద్రంమీదికి పంపడానికి తెలివైన యజమాని సాహసించడు. పాయలలోకి, కాలువలలోకి తెచ్చి కట్టివేస్తాడు. మరమ్మతుకు అదే అదను. ఓడను ఒడ్డుకు ఎక్కించే తీరు చూడముచ్చటైనది. గట్టున పెద్ద గొయ్యి తవ్వుతారు. అమావాస్యకో పున్నమకో పోటు బాగా ఎక్కినప్పుడు ఓడను ఆ గోతిలోకి లాగుతారు. పాటు తీయగానే వాకిట మట్టికట్ట వేసి నీరు తోడివేస్తారు. ఓడ దుంగల మీద కూర్చుంటుంది. ఇక గుల్లలు గీకేవారు గీకుతారు, పుచ్చిన పలక తీసి కొత్త పలక వేసేవారు వేస్తారు, సందులు దట్టించేవారు దట్టిస్తారు. పని ముగిసిన తరువాత మరొక పెద్ద పోటుకు కట్ట తెంపితే ఓడ దానంతట అది తేలుతుంది. ఇనుప తలుపులు లేవు, ఆవిరి పంపులు లేవు. చంద్రుడే ఇంజనీరు.

అడుగు సంగతి తేలినాక పైసామాను. లంగరు, దానికి తగిన గొలుసు లేక మోకు, చుక్కాని, తెరచాపలు, వాటిని కుట్టే సూదులు, విడితాళ్లు, వెలితి నీరు తోడే పాత్రలు, దిక్సూచి, లాంతరు, మంచినీటి పీపాలు, ఇసుక పోసిన పెట్టెలో పొయ్యి, వంటచెరకు, బియ్యం, చింతపండు, మిరపకాయ, ఎండుచేప. వీటిలో ఏ ఒక్కటి మరచినా దారిలో అంగడి లేదు. ప్రయాణం రంగూనుకో, మౌల్మేనుకో, కలకత్తాకో. పోయేటప్పుడు బియ్యం, పొగాకు, గింజలు. వచ్చేటప్పుడు తరచు బర్మా టేకు. ఆ ఓడను నడిపే తండేలు, సరంగు, కలాసీలకు సూదిపని, తాడుపని, వడ్రంగం అన్నీ కొంతకొంత వచ్చి వుండాలి. సముద్రంమీద తెరచాప చినిగితే కుట్టుకోవలసినవారు వారే.

ఈ లోపల ఆవిరి ఓడ వచ్చింది. 1856లో కలకత్తా, బర్మాల మధ్య నడపడానికి పుట్టిన కంపెనీ 1862లో బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ అయింది. 20వ శతాబ్దం మొదట్లో మనవాళ్లు రంగూను పోవాలంటే కాకినాడలోనో, విశాఖపట్నంలోనో, భీమునిపట్నంలోనో ఆ కంపెనీ స్టీమరు ఎక్కవలసిందే. గాలితో పనిలేదు, చెప్పిన రోజుకు చేరుతుంది. తెరచాప ఓడ పోటీపడలేకపోయింది.

ఇక బొగ్గు దగ్గరకు వచ్చాము. బొగ్గంటే మన వూరివారికి ఒకరు చెప్పనక్కరలేదు. మన చాందా జిల్లాలోనే వరోరా గని 1871 ప్రాంతంలో తెరుచుకుని 1906లో మూతపడింది. అక్కడి బొగ్గు రైళ్లకు పోయింది. ఓడలకు ఎక్కువగా బెంగాలు బొగ్గు వాడేవారు. అయితే ఏ బొగ్గైనా బాయిలరు ముందు నిలబడినవానికి ఒకటే. ఓడ అడుగున, గాలి ఆడని అరలో, పొయ్యి తలుపు తెరచి పలచగా, సమంగా చల్లాలి. కుప్పగా పోస్తే మంట చస్తుంది. కరిగి గడ్డకట్టిన చిట్టెం పారతో పగలగొట్టి లాగాలి. బూడిదను బక్కెట్లతో పైకి చేది సముద్రంలో పారబోయాలి. అరల్లోని బొగ్గును పొయ్యి దగ్గరకు తోసేవారు వేరు. వారు ఒకవైపు బొగ్గు తీస్తూ, రెండవవైపు తీయకపోతే ఓడ ఒరుగుతుంది. కనుక అందులోనూ లెక్క వున్నది.

ఆవిరి ఓడకు మరమ్మతు మానలేదు, మారింది. బాయిలరు నీటిలో ఏ కొంచెం ఉప్పు చేరినా లోపల పెచ్చు కడుతుంది. పెచ్చు కట్టిన చోట వేడి నీటికి అందదు. రేకు ఎర్రగా కాలి మెత్తబడుతుంది. ఒక్కొక్కప్పుడు పగిలిపోతుంది. రేవు చేరి బాయిలరు చల్లారిన తరువాత, మనిషి దూరేటంత కంతలోనుంచి లోపలికి దిగి, దీపం పెట్టుకుని, చిన్న సుత్తితో ఆ పెచ్చు రాల్చాలి. గొట్టాలలోని మసిని కుంచెతో తోమాలి. అడుగు ఇనుపరేకులకు పట్టిన గుల్లలు గీకి, తుప్పు కొట్టి, ఎర్ర సీసపురంగు పూయాలి. లేకపోతే అదే దూరానికి ఇంకా ఎక్కువ బొగ్గు కాలుతుంది. 1983 నుంచి మన వూళ్లో నడుస్తున్న విద్యుత్ కేంద్రంలో పనిచేసినవారికి ఇందులో ఒక్క మాటా కొత్తది కాదు. ఓవర్‌హాల్ రోజులలో ఇంటికి ఏ వేళకు వచ్చేదీ తెలియని మనుషులు వారు.

కాని ఒక తేడా వచ్చింది. తెరచాప ఓడకు తాళ్లరేవు గట్టున గొయ్యి చాలు. స్టీమరుకు రాతితో కట్టిన డాక్, పెద్ద క్రేను, ఇనుపపని కార్ఖానా కావాలి. అవి కలకత్తాలో, బొంబాయిలో, రంగూనులో వున్నాయి. మన తీరంలో లేవు. ఓడలు పోవడం ఒక నష్టమైతే, మరమ్మతు పోవడం రెండవ నష్టం. మొదటిది అందరికీ కనబడింది. రెండవదానిని కూలి పోగొట్టుకున్న వడ్రంగి, కమ్మరి, కలాసీలే ఎరుగుదురు. కాకినాడలో స్టీమరు ఒడ్డుకు రాలేక 5, 6 మైళ్ల దూరాన లంగరు వేసేది గనుక, సరుకు చేరవేసే కొయ్య పడవలకు మాత్రం పని మిగిలింది. రంగూను దాకా ఓడను పంపిన చేతులు, స్టీమరుకు బస్తాలు మోసే పడవకు అతుకులు వేశాయి.

కొనడం సులువు, నిలపడం కష్టం అన్నమాట స్వదేశీ కంపెనీలకు కూడా అనుభవమైంది. తూత్తుకుడిలో వి. ఓ. చిదంబరం పిళ్లె 1906లో స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీ పెట్టి, మరుసటి ఏడు గేలియా, లావో అనే రెండు ఓడలు తెప్పించాడు. విదేశీ కంపెనీ పోటీ ఒకవైపు, 1908లో ఆయన అరెస్టు ఇంకొకవైపు. 1911 నాటికి కంపెనీ మూతపడింది. 1919లో వాల్‌చంద్ హీరాచంద్, నరోత్తం మొరార్జీ మొదలైనవారు సింధియా కంపెనీ పెట్టి లాయల్టీ అనే ఓడను కొన్నారు. అది 1891 నుంచి ఎంప్రెస్ ఆఫ్ ఇండియా పేరుతో పసిఫిక్ సముద్రంలో టపా, ప్రయాణికులను మోసిన ఓడ. 1914లో గ్వాలియర్ మహారాజు కొని యుద్ధంలో గాయపడినవారికి ఆస్పత్రిగా మార్పించాడు. మళ్లీ దానిని ప్రయాణికుల ఓడగా అమర్చి 1919 ఏప్రిల్ 5న బొంబాయినుంచి లండనుకు నడిపారు. ఏటా ఏప్రిల్ 5న మన దేశంలో జరిపే నౌకాదినోత్సవం దాని పేరనే. అయితే ముసలి ఓడ, వేగంకోసం కట్టిన ఇంజను, తిండి ఎక్కువ. 1923లో దానిని విడగొట్టడానికి అమ్మివేశారు. దినోత్సవం మిగిలింది, ఓడ మిగలలేదు.

సింధియావారు అంతటితో వదలలేదు. విశాఖపట్నంలో కొత్త హార్బరు తవ్వినప్పుడు, 1933 అక్టోబరు 7న మొదట లోపలికి వచ్చిన ఓడ వారిదే. దాని పేరు జలదుర్గ. దుర్గాపూర్ పాఠకులు ఈ పేరు చదివి సంతోషిస్తారని మాకు తెలుసు. ఆ హార్బరు ముఖాన ఇసుక పేరుకోకుండా జేనస్, వెలెస్డన్ అనే రెండు పాత ఓడలను కావాలని ముంచి అడ్డుకట్టగా పెట్టారు. కోరంగిని చంపింది మట్టి అయితే, విశాఖను బతికించడానికి రెండు ముసలి ఓడలు తమ ఒళ్లు అడ్డం పెట్టాయి. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ అక్కడ ఓడల కార్ఖానాకు పునాది వేశారు. 1948 మార్చి 14న నెహ్రూగారు జలఉషను నీళ్లలోకి దింపారు. 8000 టన్నుల ఓడ అది. ఓడ పని తెలుగు తీరానికి తిరిగి వచ్చింది.

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాము. బర్మాలో తెలుగువారందరినీ వూరుపేరుతో కోరంగీలు అనేవారు. ఆ పేరు మొదట కోరంగి రేవునుంచి ఓడలమీద వచ్చినవారికి వచ్చింది. రంగూను రేవులో మనవారు బస్తాలు మోసే కూలీలుగా వేలకొద్దీ చేరిన తరువాత, అదే మాట చులకన మాట అయింది. 1930 మే నెలలో కూలికోసం వారు సమ్మె చేసినప్పుడు వారి స్థానంలో వేరేవారిని పెట్టడం, సమ్మె ముగిశాక వారిని తీసివేయడం, దానిమీద అల్లర్లు చెలరేగి ఎందరో ప్రాణాలు కోల్పోవడం చరిత్రలో వున్నవే. ఓడలు కట్టి, నిలిపి, సముద్రం దాటించిన వూరి పేరు, నూరేళ్లలో తలమీద మూటకు పేరైపోయింది. దాని వెనుక వున్న పనితనాన్ని చెప్పుకునేవారు లేకపోవడమే అందుకు ఒక కారణమని మా అభిప్రాయం. కట్టినవాని పేరు రాతిమీద చెక్కుతారు. కాపాడినవాని చేతికి మసి మిగులుతుంది.

పరాయి చోట స్థిరపడిన కుటుంబాలకు ఈ మాట ఇంకా బాగా అర్థమవుతుంది. మన పెద్దలు ఇక్కడికి వచ్చి బొగ్గుబాయిలో పంపు ఆగకుండా చూశారు, దూలం విరగకుండా చూశారు, బాయిలరు చల్లారకుండా చూశారు. ఆ పనులకు వారు వాడిన మాటలు, పనిముట్ల పేర్లు, వారు నేర్చిన మెలకువలు ఏ పుస్తకంలోనూ లేవు, మన ఇళ్లలోని ముసలివారి నోళ్లలో వున్నాయి. సెలవులకు వచ్చిన మనుమలు తాతగారి దగ్గర కూర్చుని వాటిని ఒక నోటుబుక్కులో వ్రాసిపెడితే మంచిది. ఏ యంత్రం దగ్గర పని, దానికి ఏమి జబ్బు చేసేది, ఏమి చేస్తే కుదిరేది, అంతే చాలు. కోరంగి వడ్రంగి మనుమలకు అటువంటి నోటుబుక్కు దొరకలేదు. మన మనుమలకు దొరకాలి.